రైల్లో ఎదుటి ప్రయాణికుల బొమ్మలు వేయాలంటే వారిని ముందుగా అడగాలా?

హఫీజ్‌పేట గీతలు
నేను హైదరాబాద్‌లో రోజూ ఉదయం హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి నాంపల్లిలో దిగుతాను. కూర్చోవడానికి చోటు దొరికితే అరచేతిలో ఇమిడే పుస్తకం ఒకటి తీసి, ఎదురుగా ఉన్నవారి బొమ్మలు వేస్తుంటాను. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. పోయిన వారం మాత్రం, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని పేపరు చదువుతున్న ఒక పెద్దాయనను గీస్తుండగా, బేగంపేట దాటగానే ఆయన తలెత్తి "ఏం రాస్తున్నావు, ఇలా చూపించు" అన్నారు. చూపించాను. అడగకుండా తన బొమ్మ వేయడానికి నేనెవరినని ఆయన గట్టిగానే నిలదీశారు. చుట్టుపక్కల వారు తలా ఒక మాట అన్నారు. ఒకతను నేను ఫోటోలేమైనా తీశానేమో ఫోన్ చూపించమని పట్టుబట్టాడు. గొడవ పెద్దది కాకుండా ఆ కాగితం చింపి ఆయనకే ఇచ్చేశాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని ఖైరతాబాద్‌లో దిగిపోయారు.

నా సందేహం ఇది. నలుగురూ తిరిగే చోట కూర్చున్న మనిషిని చూసి గీయడానికి అనుమతి అవసరమా? అవసరమే అనుకుంటే, అడిగిన మరుక్షణం ఆ మనిషి అంతవరకు కూర్చున్నట్టుగా కూర్చోడు కదా, ఇక గీయడానికి ఏం మిగులుతుంది? ప్రయాణంలో బొమ్మలు వేసే అలవాటున్నవారు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

సంచి చాలు
మనుషుల జోలికి వెళ్లకండి. సీటు కింద బ్యాగులు, టిఫిన్ క్యారియర్లు, కిటికీకి తగిలించిన కూరగాయల సంచులు ఉండనే ఉన్నాయి. వాటికి కోపం రాదు, కదలవు, ఖైరతాబాద్‌లో దిగిపోవు.

దుగ్గిరాల పసుపు
చింపి కిటికీలోంచి పారేయకుండా జేబులో పెట్టుకున్నారంటే బొమ్మ ఆయనకు నచ్చిందన్నమాటే. మీరు అనవసరంగా బాధపడుతున్నారు.

డ్రాయింగ్ మాస్టారు
అడిగితే బొమ్మ చెడుతుందన్నది నిజం. ఉన్నత పాఠశాలలో చాలాకాలం పిల్లలకు బొమ్మలు నేర్పిన అనుభవంతో చెబుతున్నాను: "నిన్ను గీస్తున్నాను" అన్న మాట చెవిన పడగానే మనిషి వెన్ను నిటారుగా చేసి, పెదవులు బిగించి, ఆధార్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుంటాడు. ప్రయాణికుడి బొమ్మలో మనకు కావలసింది పోలిక కన్నా ముందు భంగిమ. భుజాలు ఎటు వాలాయి, తల బరువు ఎటు ఒరిగింది, ఒంటి బరువు ఏ తుంటి మీద ఆనింది, ఈ మూడింటినీ మొదటి అర నిమిషంలో పట్టుకోగలిగితే, ఆ తర్వాత ఆ మనిషి లేచి వెళ్లిపోయినా మిగతాది పూర్తి చేయవచ్చు. ముక్కుతో మొదలుపెట్టి ముఖమంతా దిద్దుకుంటూ కూర్చునేవాడికి భరత్‌నగర్ వచ్చేసరికి ముక్కు మాత్రమే మిగులుతుంది.

ఈ కాలంలో గీసేవారికి సెల్‌ఫోన్ ఒక వరమని నా అభిప్రాయం. దాని మీదికి వంగిన మనిషి చాలాసేపు కదలడు, తలెత్తి మనల్ని చూడడు. అయితే ఒక జాగ్రత్త పాటించాలి. ఎదురుగా చూస్తున్న తలలో నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో కళ్లు ఉంటాయి. కిందికి వంగిన తలలో ఆ మధ్యగీత కిందికి జారిపోతుంది, నెత్తి భాగం పెరుగుతుంది, చెవులు కళ్లకన్నా ఎత్తులో కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు వంగిన తలకు కూడా నిటారు తల కొలతలే వేసి, మెడ లేని మనుషులను తయారు చేస్తుంటారు.

అనుమతి విషయానికి వస్తే, గీసిన తర్వాత చూపించడం మర్యాద. ముందే అడగాలన్న నియమం పెట్టుకుంటే రైలు బొమ్మలన్నవే ఉండవు.

సీతాఫల్‌మండి
మాస్టారు గారు భంగిమ గురించి చెప్పినదంతా నోట్ చేసుకున్నాను. అనుమతి గురించి చెప్పినదానితో మాత్రం ఏకీభవించలేను. గీసే చేతికన్నా ముందు చూసే కళ్లు ఉంటాయి, పేచీ అంతా అక్కడే.

నేను సీతాఫల్‌మండి నుంచి హైటెక్ సిటీ దాకా సాధారణంగా మహిళల బోగీలో వెళ్తాను. నేనూ బొమ్మలు వేస్తాను. అక్కడ ఎవరైనా గమనిస్తే పక్కకు జరిగి తొంగి చూస్తారు, "నా జడ ఇంత పొట్టిగా ఉందా" అని అడుగుతారు, అంతటితో సరిపోతుంది. పరుగెత్తుకొచ్చి చేతికందిన మామూలు బోగీలో ఎక్కిన రోజున పరిస్థితి వేరు. ఎదుటి సీటులోని మగమనిషి మాటిమాటికీ తలెత్తి నన్ను చూసి, మళ్లీ దించుకుంటుంటే, ఒళ్లో బ్యాగు చాటున ఆయన చేతిలో పెన్సిల్ ఉందో ఫోన్ ఉందో నాకు కనిపించదు. నాకు కనిపించేది ఆ చూపు ఒక్కటే. ఆయన నా చున్నీ మడతల్లోని వెలుగునీడలను అధ్యయనం చేస్తున్నాడని నేను ఊహించుకుని ఊరుకోవాలా? పూర్తయ్యాక చూపిస్తే చాలనేవారు, అప్పటిదాకా నేను పడిన ఇబ్బందిని ఏ ఖాతాలో వేస్తారో చెప్పాలి.

పాత పెన్సిల్
పైన చెప్పిన మాట మగవాళ్లమైన మాలో చాలామందికి తట్టనే తట్టదు. నేను ఈ మధ్య పుస్తకాన్ని బ్యాగు చాటున పెట్టుకోవడం మానేశాను. అందరికీ కనిపించేలా మోకాలి మీద తెరిచి పెడతాను. చాటున పెట్టుకుంటేనే దొంగతనంలా కనిపిస్తుంది.

నల్లకోటు
చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. బహిరంగ స్థలంలో ఉన్న మనిషిని చూసి బొమ్మ వేయడాన్ని నేరంగా పేర్కొన్న చట్టమేదీ మన దగ్గర లేదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన మాట నిజమే కానీ, ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా పౌరుడికి ఉన్న రక్షణ. రైల్లో పెన్సిల్ పట్టుకున్న తోటి ప్రయాణికుడి మీద దాన్ని నేరుగా ప్రయోగించడం సులభం కాదు. మరోవైపు, స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో చేసే చేష్టలు, ఆమె ఏకాంతంలోకి చొరబడటం భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కిందికి వస్తాయి. అక్కడ ఉద్దేశం ముఖ్యం. ఉద్దేశమేమిటో తేలేదాకా స్టేషన్‌లో కూర్చోవలసింది మాత్రం మీరే. కాబట్టి సీతాఫల్‌మండి గారి మాటను చట్టం కోసం కాకపోయినా మీ ఆఫీసు హాజరు కోసమైనా వినండి.

ఇక బొమ్మ ఎవరిదన్న ప్రశ్న. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మకు మొదటి హక్కుదారు గీసినవారే, గీయబడినవారు కాదు. ఒక మినహాయింపు ఉంది: ఎవరైనా కోరి, ప్రతిఫలం ఇచ్చి తన చిత్రాన్ని వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు ఆ వేయించుకున్నవారిది అవుతుంది.

హఫీజ్‌పేట గీతలు
అంటే ఆ కాగితం ఇచ్చేయడంతో నా హక్కు కూడా ఇచ్చేసినట్టా?

నల్లకోటు
కాదు. కాపీరైటు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఆయన జేబులోకి వెళ్లింది కాగితం మాత్రమే. అయితే ఆ కాగితం తప్ప మీ దగ్గర వేరే ప్రతి లేదు కాబట్టి, ఈ హక్కును ఏం చేసుకుంటారో నాకు తెలియదు.

దుగ్గిరాల పసుపు
నేను తెనాలి–విజయవాడ మధ్య తిరిగే సీజన్ టికెట్టు బాపతు. మా బోగీలో సంగతి హైదరాబాద్‌కు పూర్తిగా భిన్నం. రోజూ అవే ముఖాలు, అవే సీట్లు, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో ఎవరి ఆవు ఈనిందో అందరికీ తెలుసు. అలాంటి చోట అడగకుండా గీస్తే తప్పు కాదు, వాళ్లు అడిగినా గీయకపోతేనే తప్పు. మొదట్లో ఒకరిద్దరి బొమ్మలు వేశాను, ఇప్పుడు "నా వంతు ఎప్పుడు" అని అడిగేవారు ఎక్కువయ్యారు. అనుమతి సమస్య తీరి, దాని స్థానంలో మీసం సమస్య వచ్చింది. ప్రతి ఒక్కరికీ ఉన్నదానికన్నా ఒత్తుగా మీసం కావాలి, నెత్తి మీద జుట్టు పెళ్లినాటికి ఎంత ఉందో అంత కావాలి. చెప్పినట్టు వేస్తే బొమ్మ వాళ్లది కాదు, ఉన్నది ఉన్నట్టు వేస్తే మర్నాడు నా సీటులో టవలు పరిచి ఉంటుంది.

ఒక్క విషయం చెప్పాలి. దుగ్గిరాలలో పసుపు యార్డు పని చూసుకుని ఎక్కే హమాలీ ఒకాయన ఉన్నారు. ఆయనది ఉత్త పెన్నుతో వేసిన బొమ్మ నాకు ఎప్పుడూ కుదరలేదు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వస్తారు, అయినా గోళ్ల మొదళ్లలో, వేళ్ల కణుపుల గీతల్లో, చెవి వెనక మడతలో పసుపు ఉండిపోతుంది. చివరికి పిల్లల రంగు పెన్సిళ్ల డబ్బాలోంచి ఒక్క పసుపు పెన్సిల్ తెచ్చుకుని ఆ మూడు చోట్లే అద్దాను. పక్కనున్నవారు ముఖం చూడకుండానే ఆయన పేరు చెప్పేశారు.

డ్రాయింగ్ మాస్టారు
చూశారా, పోలిక ముఖంలోనే ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో. బాపు గారి బొమ్మల్లో వెనక్కి తిరిగి ఉన్న మనిషి కూడా ఎవరో, ఏ వయసువాడో, ఏం ఆలోచిస్తున్నాడో తెలిసిపోతుంది. వీపు మీద గీసిన గీతలు లెక్కపెడితే చేతి వేళ్లు చాలు.

లూప్‌లైన్
రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, బొమ్మలు వేయడం రాదు, కానీ కుదుపుల గురించి చెప్పగలను. ఒకప్పుడు 13 మీటర్ల పట్టాలను ఫిష్‌ప్లేట్లతో బిగించేవారు కాబట్టి ప్రతి అతుకు దగ్గరా చక్రం టకటకమనేది. ఇప్పుడు ప్రధాన మార్గాలలో పట్టాలను వెల్డింగ్ చేసి పొడవుగా కలిపేశారు, అందువల్ల ఆ టకటక చాలావరకు పోయింది. మిగిలిన కుదుపు ఎక్కువగా పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక దారి నుంచి మరో దారికి మారే చోట వస్తుంది. హఫీజ్‌పేట గారు వెళ్లే మార్గంలో బేగంపేట దాటాక సికింద్రాబాద్ దారీ నాంపల్లి దారీ విడిపోయే చోట అది బాగా తెలుస్తుంది. అక్కడికి వచ్చేసరికి కళ్లు, పెదవులు వంటి సన్నపని పెట్టుకోకండి. మీరు పెద్దాయనకు దొరికిపోయింది కూడా సుమారుగా అక్కడే అని గమనించాను. కుదుపుకు ఆయన తలెత్తి ఉంటారు.

హఫీజ్‌పేట గీతలు
నిజమే, ఆ కుదుపుకు ఆయన చేతిలో పేపరు జారింది, నా పెన్ను ఆయన చెవి దాటి కిటికీ దాకా వెళ్లింది. ఆయన కోపంలో సగం ఆ చెవి గురించే కావచ్చు.

నీలిసిరా
కుదుపు గురించి ఇంకొక మాట. చాలామంది మోచేతిని కిటికీ చట్రానికో సీటు అంచుకో ఆనిస్తారు. అలా చేస్తే బండి కదలిక నేరుగా చేతిలోకి వస్తుంది, పుస్తకం ఒక తీరుగా ఊగితే చేయి మరొక తీరుగా ఊగుతుంది. రెండు మోచేతులనూ పక్కటెముకలకు ఆనించి, పుస్తకాన్ని పొట్టకు దగ్గరగా పట్టుకుంటే మనిషి, పుస్తకం, చేయి అన్నీ కలిసి ఒకేసారి కదులుతాయి, గీత వణకదు. సుఖాసనం కాదు కానీ పని జరుగుతుంది.

పెన్ను విషయంలో నా ఓటు మామూలు బాల్‌పెన్నుకే. తేలికగా ఆనిస్తే బూడిదరంగు గీత, నొక్కితే నల్లటి గీత, మూత తీసి పెట్టినా ఎండిపోదు, పడిపోతే వెతకనవసరం లేదు. నా దగ్గర రాజమండ్రిలో చేసిన ఎబొనైట్ సిరాపెన్ను ఉంది. ఇంట్లో దానితో గీస్తుంటే కలిగే ఆనందం వేరు, రైల్లో మాత్రం తీయను. అందులో సిరాను నేరుగా గొట్టంలోకే పోస్తాము కదా, సగానికి తగ్గిన తర్వాత లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి చుక్క రాలుస్తుంది. ఆ చుక్క మన కాగితం మీద పడితే బొమ్మ పాడవుతుంది, పక్కవారి తెల్లచొక్కా మీద పడితే అనుమతి గురించిన ఈ చర్చంతా చిన్నదైపోతుంది.

పాత పెన్సిల్
నీలిసిరా గారు పెన్సిల్‌ను పక్కన పెట్టేయడం అన్యాయం. 4బీ పెన్సిల్ ఒక్కటి చాలు.

నీలిసిరా
4బీతో వేసిన పుస్తకాన్ని బ్యాగులో పెట్టుకుని నెల రోజులు తిరిగి చూడండి. పేజీలు ఒకదానికొకటి రాసుకుని, సోమవారం ఎక్కిన మనిషి మంగళవారం ఎక్కిన మనిషి ముఖం మీద అచ్చుపడి ఉంటాడు.

కొత్త చేయి
బాల్‌పెన్నుకు మరో లాభం కూడా ఉంది. చిన్న పుస్తకంలో బాల్‌పెన్నుతో ఏదో రాస్తుంటే అందరూ చీటీపాట లెక్కలనుకుంటారు, ఎవరూ తొంగి చూడరు.

దాదర్ తెలుగు
ముంబై నుంచి రాస్తున్నాను. మా తాతగారు బట్టల మిల్లులో పనికి వచ్చి వర్లీలో స్థిరపడ్డారు, నేను డోంబివలి నుంచి దాదర్‌కు రోజూ లోకల్‌లో వెళ్తాను. మీరందరూ "కూర్చోవడానికి చోటు దొరికితే" అంటున్నారు, అది చదువుతుంటే నాకు వేరే దేశం సంగతిలా ఉంది. ఇక్కడ ఉదయం పూట పుస్తకం తెరవడానికి కాదు, చేయి పైకెత్తితే మళ్లీ దించడానికి కూడా చోటు ఉండదు. అందుకే నేను గీసేవి రెండే రకాలు.

ఒకటి, పైన వేలాడే పిడులను పట్టుకున్న చేతులు. నిలబడిన చోటు నుంచి తలెత్తితే అవే కనిపిస్తాయి. గడియారం పట్టీ కింద తెల్లగా మిగిలిన చర్మం, పిడికిలి బిగిసినప్పుడు మెటికల మీద మెరిసే వెలుగు, మణికట్టుకు కట్టిన ఎర్రదారం మాసి నల్లబడటం వంటివి ముఖంకన్నా ఎక్కువ చెబుతాయి. చేతులను గీస్తే ఎవరూ అభ్యంతరపెట్టరు, ఎందుకంటే అది తన చేయి అని ఎవరికీ తెలియదు.

రెండవది, నాలుగో సీటు మనిషి. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగోవారికి చోటివ్వడం ఇక్కడి ఆచారం, దాన్ని చౌతీ సీట్ అంటారు. ఆ నాలుగో మనిషికి దక్కేది బల్ల అంచు మాత్రమే. ఒక తుంటి మీద కూర్చుని, ఒక కాలు నడవలోకి చాచి, బరువంతా ఆ కాలి మడమ మీద మోపి, చూసేవారికి హాయిగా కూర్చున్నట్టు కనిపిస్తాడు. మాస్టారు గారు చెప్పిన "బరువు ఏ తుంటి మీద ఉంది" అన్న పాఠానికి ఇంతకు మించిన నమూనా దొరకదు. కుర్లా దగ్గర జనం దిగి చోటు ఖాళీ అయ్యాక కూడా ఆ మనిషి కాసేపు అలాగే కూర్చుని ఉంటాడు.

సంచి చాలు
చేతులు గీస్తే సమస్య లేదన్నారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే దారిలో ఒక స్టేషన్ ముందు దిగి సంచులు గీయమని.

డ్రాయింగ్ మాస్టారు
సీతాఫల్‌మండి గారు లేవనెత్తిన చూపు సమస్యకు ఒక మార్గం ఉంది, నా విద్యార్థుల చేత చేయించేవాడిని. ఒక్కసారి నిండుగా చూడాలి, ఆ తర్వాత తల దించి ఇక చూడకుండా జ్ఞాపకం నుంచి గీయాలి. 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు ఓనొరే దోమియే 1860లలో రైలు మూడో తరగతి ప్రయాణికులను చిత్రించాడు: చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లి, ఒళ్లో బుట్ట పెట్టుకున్న ముసలావిడ, పక్కకు ఒరిగి నిద్రపోతున్న కుర్రవాడు. ఆయన మనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడం తక్కువ, ఎక్కువగా జ్ఞాపకం మీదే ఆధారపడేవాడు. జ్ఞాపకానికి ఒక సుగుణం ఉంది: అనవసరమైనది అదే వదిలేస్తుంది. ఇలా గీస్తే ఎదుటివారిని పదే పదే చూసి ఇబ్బంది పెట్టవలసిన పని ఉండదు.

కొత్త చేయి
కానీ మాస్టారూ, అప్పుడది అక్కడికక్కడ చూసి వేసిన బొమ్మ కాదు కదా? 2007లో సియాటిల్ పాత్రికేయుడు ఒకరు మొదలుపెట్టగా ప్రపంచమంతా వ్యాపించిన అర్బన్ స్కెచర్స్ బృందాలవారు, కళ్లెదుట ఉన్నదాన్ని ప్రత్యక్షంగా చూసి గీయడమే మొదటి నియమమంటారు.

డ్రాయింగ్ మాస్టారు
ఒకసారి చూశాం కదా నాయనా, అది ప్రత్యక్షమే. ఎన్నిసార్లు చూడాలో వాళ్లు నియమం పెట్టలేదు.

సీతాఫల్‌మండి
ఒక్కసారి చూడటమన్నది నాకు సమ్మతమే. ఆ ఒక్కసారి ఎంతసేపన్నది కూడా మాస్టారు గారు నిర్ణయిస్తే బాగుంటుంది.

మెట్రోపార్క్
న్యూజెర్సీలో ఉంటాను, మెట్రోపార్క్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు రైలు ప్రయాణం. ఇక్కడ సీట్లు చాలావరకు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి నాకు లభించేవి వీపులు, మెడలు, చెవుల వెనక భాగాలు. చెవుల విషయంలో నేను ఇప్పుడు నిపుణుడిని.

ఈ చర్చకు సంబంధించిన ఒక సంగతి ఇక్కడిది ఉంది. వాకర్ ఎవన్స్ అనే ఫోటోగ్రాఫర్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వేలో ప్రయాణికులకు తెలియకుండా వారి ఫోటోలు తీశాడు. కెమెరాను కోటు లోపల దాచి, గుండీల సందులోంచి కటకం బయటికి పెట్టి, మీట తీగను చొక్కా చేతిలోంచి అరచేతికి తెచ్చుకుని నొక్కేవాడు. ఆ ఫోటోలు పుస్తకంగా వచ్చింది 1966లో. అన్నేళ్లు ఆగడం వల్ల తప్పు ఒప్పవుతుందని నేను అనను. ఆ ముఖాలు మాత్రం, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. గీసేవాడు అలా దాక్కోలేడు. చేయి కదులుతూ ఉంటుంది, తల లేస్తూ ఉంటుంది, ఎదుటివారు ఎప్పుడైనా "ఏం చేస్తున్నావు" అని అడగగలరు. హఫీజ్‌పేట గారిని పెద్దాయన అడిగినట్టు. ఫోటోకూ బొమ్మకూ ఉన్న పెద్ద తేడా నా దృష్టిలో అదే, అందుకే ముందస్తు అనుమతి లేకపోయినా బొమ్మను నేను సమర్థిస్తాను.

పాత పెన్సిల్
దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ఫోన్‌తో చాటుగా ఫోటో తీసుకుని ఇంటికి వెళ్లి తీరిగ్గా బొమ్మ వేసి "రైల్లో వేశాను" అని పెట్టేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బొమ్మలు ఇట్టే తెలిసిపోతాయి, నీడలన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి, గీత ఒక్కటి కూడా తప్పదు.

సీతాఫల్‌మండి
మెట్రోపార్క్ గారు చెప్పినది గీసేటప్పటి వరకు సరే. గీసిన తర్వాత సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక బొమ్మ చూశాను. చక్కటి గీత, అమ్మాయి ముఖం స్పష్టంగా గుర్తుపట్టేలా ఉంది. కింద ఏ స్టేషన్‌లో ఎక్కుతుందో, బండి ఎన్ని గంటలకో, ఎన్నో బోగీయో, "రోజూ ఇదే కిటికీ" అన్న వ్యాఖ్యతో సహా రాసి ఉంది. వేసినవారికి దురుద్దేశం ఉందని నేననుకోను, దినచర్య రాసుకునే అలవాటు కావచ్చు. కానీ ఆ అమ్మాయి వెంటపడాలనుకునేవాడికి ఇక వెతకవలసిన పని లేదు. బొమ్మ పుస్తకంలో ఉన్నంతకాలం అది మీకూ ఆమెకూ మధ్య విషయం. బయట పెట్టేటప్పుడు తేదీ, సమయం, స్టేషన్ తీసేయండి, లేదా ముఖం మార్చేయండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరానికి రాను.

హఫీజ్‌పేట గీతలు
నేను ప్రతి బొమ్మ కిందా బండి సమయం రాస్తాను. ఏ వెలుతురులో గీశానో తర్వాత గుర్తుండటానికి మొదలైన అలవాటు. బయట పెట్టేవాటిలో ఇకపై ఉంచను. పుస్తకంలో మాత్రం రాసుకుంటాను.

నల్లకోటు
సీతాఫల్‌మండి గారు చెప్పినది న్యాయవాదిగా కూడా సమర్థిస్తాను. పుస్తకంలోని బొమ్మ మీద కేసు వేయడం కష్టం. నలుగురికీ పంచిన ముఖం, సమయం, చోటు కలిస్తే దానికి దారులు చాలా ఉన్నాయి.

లూప్‌లైన్
నిద్రపోతున్నవారి సంగతేమిటి? నేను చూసినంతలో సాయంత్రం బండిలో సగం మంది నిద్రలోనే ఉంటారు. వారిని అడగడానికి లేపాలా?

డ్రాయింగ్ మాస్టారు
లేపితే అనుమతి కాదు, ఇంకేదో దొరుకుతుంది. నిద్రపోయేవారిని నేను గీస్తాను. కానీ నోరు తెరిచి ఉంటే గీయను. చేతికి చుట్టుకున్న బ్యాగు పట్టీని గీస్తాను. మనిషి ఎంత గాఢనిద్రలో ఉన్నా ఆ పట్టీ చుట్టిన వేళ్లు సడలవు.

కొత్త చేయి
మెట్రోలో ప్రయత్నించినవారు ఎవరైనా ఉన్నారా? అక్కడ సీట్లు గోడల పొడవునా ఉంటాయి, ఎదుటి వరుస మొత్తం పాదాల నుంచి తల వరకు కనిపిస్తుంది, కుదుపూ తక్కువ.

పాత పెన్సిల్
ప్రయత్నించాను. కనిపించడం బాగానే కనిపిస్తుంది, మనమూ అంతే బాగా కనిపిస్తాము. పైగా స్టేషన్ల మధ్య వ్యవధి తక్కువ, నడుమ నిలబడేవారు అడ్డు వస్తారు. అమీర్‌పేటలో జనం మారాక నా బొమ్మలో ఒకరి తల, మరొకరి చొక్కా, మూడోవారి బూట్లు ఉంటాయి. ఆ మనిషి అనుమతి ఎవరిని అడగాలో ఈ చర్చలో ఇంకా తేలలేదు.

దుగ్గిరాల పసుపు
నల్లకోటు గారికి ఒక ప్రశ్న. కోరి, ప్రతిఫలం ఇచ్చి వేయించుకుంటే హక్కు వారిదేనన్నారు. మా బోగీలో వారంతా అడిగి మరీ వేయించుకుంటారు, అయిపోయాక విజయవాడ ప్లాట్‌ఫారం మీద నాకు టీ తాగిస్తారు. అది ప్రతిఫలం కిందికి వస్తుందా?

నల్లకోటు
ప్రతిఫలం ఎంత విలువైనదన్నది చట్టం పెద్దగా పట్టించుకోదు, ముందుగా మాట అనుకుని దాని కోసం ఇచ్చారా లేదా అన్నదే చూస్తుంది. "బొమ్మ వేయి, టీ తాగిస్తాను" అని ముందే అని ఉంటే మీ పుస్తకంలో సగం పేజీల హక్కు ఇప్పటికే మీ తోటి ప్రయాణికులదని వాదించవచ్చు. బొమ్మ పూర్తయిన తర్వాత అభిమానంతో తాగిస్తే మీకు ఇబ్బంది లేదు. కాబట్టి టీ మాట ముందు ఎత్తనివ్వకండి, ఎత్తితే ఆ రోజు టీ డబ్బులు మీరే ఇవ్వండి.